వెనక వరసకి అందని మాట

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు పట్టింది గానీ అది వానమబ్బు కాదు. ఉతికి, పిండకుండా ఆరేసిన పాత దుప్పటిలాగా బూడిదరంగులో వేలాడుతోంది. తూర్పున ఒక్కచోట వెలుతురు చిల్లు పడి, చూస్తుండగానే పూడుకుపోయింది. నేను పల్లెలో పెరిగినవాణ్ణి. లేవగానే ముందు పైకి చూడటం అలవాటు. అలాంటి ఆకాశం ఉన్న రోజున మా నాన్న విత్తనం వేసేవాడు కాదు, కోతకీ దిగేవాడు కాదు. “దాని మనసులో ఏముందో అది చెప్పదు. చెప్పనిదాన్ని నమ్మకూడదు” అనేవాడు.

ఆ రోజే మా తోడల్లుడి సినిమా పరీక్షకి వస్తోంది.

సినిమా సహాయ మండలి అని సర్కారుది ఒకటుంది. హాళ్ళన్నీ బయటి దేశాల సినిమాలతో నిండిపోయి, మన భాషలో మన మనుషుల్ని చూపించేవాడే కరువయ్యాక, టిక్కెట్టుకి ఒక పిసరు చొప్పున తీసిపెట్టి దీన్ని నడుపుతున్నారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో కొందరికి మొదటి విడత ఇస్తారు. దాంతో తీసింది తెచ్చి మండలి గదిలో వేసి చూపించాలి. ఐదుగురు సభ్యులు చూస్తారు. బాగుందంటే రెండో విడత వస్తుంది, సినిమా పూర్తవుతుంది, హాళ్ళకి వెళుతుంది. బాగాలేదంటే అక్కడితో సరి. తీసినదంతా పెట్టెలో పడుంటుంది. రెండోసారి అడగడానికి లేదు.

ఆ గదిలో బొమ్మ వేసేది నేను. రీళ్ళు భుజాన మోసిన రోజుల నుంచి, సినిమా మొత్తం సబ్బుబిళ్ళంత పెట్టెలో ఇమిడిపోయిన ఈ రోజుల దాకా ఇరవై ఆరేళ్ళుగా వేస్తున్నాను. వేసిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయాలి. తేదీ, సినిమా పేరు, మొదలైన వేళ, అయిన వేళ. చివర ‘లోపం’ అని ఒక గడి. ఇరవై ఆరేళ్ళుగా ఆ గడిలో నేను గీసింది అడ్డగీత ఒక్కటే. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. మచ్చలేని ఉద్యోగమని ఒక కాగితం ఇస్తారు. దానికి పటం కట్టించడానికి గోడ మీద చోటు కూడా చూసిపెట్టుకున్నాను.

ఆ గదికి ఒక రోగముంది. సభ్యులు కూర్చునేది చివరి వరసలో. సరిగ్గా వాళ్ళ నెత్తి మీదే చల్లగాలి గొట్టం. అది రొద పెడుతుంది. అలవాటైన చెవికి రొద అనిపించదు గానీ మెల్లగా అన్న మాటల్ని మింగేస్తుంది. ముందు వరసల్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, వెనక వరసలో గుసగుస వినపడదు. మరమ్మతుల ఆఫీసుకి మూడుసార్లు ఉత్తరం రాశాను. వాళ్ళు వచ్చి గొట్టం కింద చెయ్యి పెట్టి, “చల్లగానే వస్తోందిగా” అని వెళ్ళిపోయారు.

శబ్దం ఎంత పెట్టాలో నా చేతిలో లేదు. పూర్వం ఎవరో ఒక నిర్మాత, పక్కవాడి సినిమాకి ఎక్కువ పెట్టి తన సినిమాకి తక్కువ పెట్టారని గోల చేశాడట. అప్పట్నుంచి దరఖాస్తుదారే ఒక చీటీ మీద అంకె వేసి సంతకం పెట్టాలి. నేను ఆ అంకె మీద పెట్టాలి. ఎక్కడైనా లెక్క ఏడు. కానీ ఈ గదిలో ఏడు పెడితే వెనక వరసకి మాట అందదు, తొమ్మిది పెట్టాలి. ఇది ఏ కాగితంలోనూ లేదు, నాకు తెలుసు. అందుకని వచ్చిన ప్రతివాడికీ, ముక్కూ మొహం తెలియనివాడికి కూడా, చీటీ ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పేవాణ్ణి. “ఏడు వెయ్యకు. తొమ్మిది వెయ్యి.” నేను రోజంతా మాట్లాడే మాటల్లో సగం ఇవే అని మా ఆవిడ నవ్వేది.

నేను తక్కువ మాట్లాడతాను. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, దానికి విరుగుడు. అతను గుమ్మంలోకి అడుగు పెడితే ఇల్లు లేచి కూర్చుంటుంది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కూడా మరుపున పడతాయి. అత్తగారింటి కప్పు కురుస్తుంటే ఎండలో మూడు రోజులు పైనెక్కి రేకులు మార్చింది నేను. నాలుగో రోజు అతను వచ్చి, కొత్త రేకుల మీద వానచుక్కలు ఎలా మోగుతాయో నోటితో మోగించి చూపించాడు. “చిన్నల్లుడొచ్చాకే ఈ ఇంటికి వాన కూడా అందంగా పడుతోంది” అంది ఆవిడ. నిచ్చెన దించుతున్న నాకు వినపడింది. పన్నెండేళ్ళయింది. ఆ మాట ఇంకా అక్కడే ఉంది, కాలిలో విరిగిన ముల్లులాగా.

అతను చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. కాదు. అదే వచ్చిన చిక్కు.

ఆ సినిమా కథ మా నాన్నది. నేను పదేళ్ళవాడిగా ఉండగా నాన్న ఎద్దుని అమ్మాడు. కొన్నవాడు పలుపు చేతిలోకి తీసుకున్నాక, నాన్న ఎద్దు చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. ఇంకెవరికీ వినపడలేదు. పెద్దయ్యాక, ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, దాన్ని పదకొండు పేజీల కథగా రాసి ఇదే మండలికి ఇచ్చాను. మూడు నెలలకి తిరిగొచ్చింది. మీద ‘కథాంశం చాలదు’ అని ముద్ర. ఆ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పేజీలు ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి.

మూడేళ్ళ కిందట అత్తగారి కంటి ఆపరేషన్ చేయించి బస్సులో తిరిగొస్తూ, నాకేం పట్టిందో, మా తోడల్లుడికి ఆ ఎద్దు సంగతి చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడింది అదొక్కసారే. అతను చాలాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత, “అన్నయ్యా, ఇది నేను తీసుకోనా?” అన్నాడు. “తీసుకో. నాకెందుకు” అన్నాను. అది నాకెందుకో, ఆ ముద్రతో సహా, నాకు తెలుసు. కానీ అన్నాను.

అతను దరఖాస్తు పెట్టాడు. అదే కథకి, అదే మండలి మొదటి విడత ఇచ్చింది. ఆ కాగితాలు నాకు చూపించింది మా గుమస్తా.

“ఈ చిత్రం వల్ల జాతికి కలిగే ప్రయోజనం అని గడి ఉంటుంది చూడు. అందరూ అక్కడ సంస్కృతి, వారసత్వం అని రెండు పేజీలు దంచుతారు. మీవాడేం రాశాడో తెలుసా? ‘ఒక ఎద్దు గుర్తుండిపోతుంది.’ అంతే. సభ్యులు నవ్వి సంతకం పెట్టేశారు.” గుమస్తా వేలు కిందకి జరిపాడు. “ఇదిగో, ‘కథ ఎవరిది’ అన్నచోట నీ పేరు వేశాడు. ఏంటి గురూ, నువ్వు కూడా సినిమావాడివైపోయావు.”

పేరు వెయ్యకపోతే దొంగ అని తిట్టుకునేవాణ్ణి. వేశాడు. నాకు తిట్టుకునే దారి కూడా మిగల్చలేదు. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, నేను పోసుకోలేదు. అతనే చల్లగా నవ్వుతూ తెచ్చి పోశాడనిపించింది.

సరే. ఆ రోజు పదింటికి అందరూ వచ్చారు. మా తోడల్లుడు, మరదలు, అత్తగారు, మా ఆవిడ. అత్తగారి చేతిలో రెండు కారియర్లు. ఫలితం తెలిశాక అందరం కలిసి తినాలని తెల్లవారుజామునే లేచి వండిందట. నాకు పదోన్నతి వచ్చిన రోజు ఆవిడ ఏం వండిందో గుర్తు చేసుకోబోయాను. ఏమీ వండలేదు. నేను చెప్పలేదు కదా మరి.

మా తోడల్లుడు మెట్లెక్కి నా గదిలోకొచ్చాడు. కొత్త చొక్కా, మెడ దగ్గర కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది. ఎప్పుడూ నోరు మూతపడని మనిషికి పెదాలు ఎండిపోయాయి.

“అన్నయ్యా, తిన్నావా?”

“ఊఁ.”

“నేను తినలేదు. రాత్రి కూడా నిద్ర లేదు. నీ మరదల్ని కూడా పడుకోనివ్వలేదనుకో. తనతో, ఇది గట్టెక్కకపోతే నీ కుట్టుమిషన్ నాకివ్వు, గుండీలు నేనే కుట్టుకుని బతుకుతానన్నాను. మిషన్ మీద చెయ్యి వేస్తే వేళ్ళు విరగ్గొడతానంది.” నవ్వబోయి ఆపేశాడు. “నువ్విక్కడ ఉండబట్టి ధైర్యంగా ఉంది. పరాయివాడి చేతిలో పెట్టినట్టు లేదు.”

పెట్టె నా చేతికిచ్చాడు. నేను చీటీ అతని చేతికిచ్చాను.

“ఇందులో సౌండు అని ఉంది. ఎంత వెయ్యను?”

నోటి దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, నాలుక దానంతటదే లేచింది. అదే క్షణాన అతని మెడ దగ్గర వేలాడుతున్న చీటీ కనపడింది. దానికి కూడా అందరూ మురిసిపోతారు అనుకున్నాను. చిన్నల్లుడు చొక్కా చీటీ కూడా మరిచిపోయాడు చూశావా, పిచ్చి తండ్రి, అంటుంది అత్తగారు. నేను మరిచిపోతే, ఒళ్ళు తెలియని మనిషి అంటుంది.

“ఎక్కడైనా లెక్క ఏడు” అన్నాను.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

“నువ్వు చెప్పాక ఇంకేముంది” అని ఏడు వేశాడు. కింద గీత కూడా గీసి, సంతకం పెట్టాడు.

దరఖాస్తువాళ్ళు కూర్చునేది ముందు వరసలో. మావాళ్ళంతా అక్కడ కూర్చున్నారు. వెనక వరసలో ఐదుగురు సభ్యులు. నా గది కిటికీ సరిగ్గా వాళ్ళ వీపుల వెనకే. వాళ్ళు అనుకునేదంతా నాకు వినపడుతుందని వాళ్ళకి తెలియదు, తెలిసినా లక్ష్యపెట్టరు. బొమ్మ వేసేవాడంటే మిషన్‌లో ఒక భాగమే కదా.

దీపాలు ఆర్పాను. ఏడు మీద పెట్టాను. మొదలుపెట్టాను.

సినిమాలో మాటలు తక్కువ. ఉన్నవి మెల్లగా. పదిహేను నిమిషాలకి వెనక వరస కదలడం మొదలైంది.

“ఏమంటున్నాడు?” అన్నాడు పేపర్లో సమీక్షలు రాసే సభ్యుడు.

“గొణుగుతున్నాడు” అన్నాడు హాళ్ళ యజమానుల తరఫు ఆయన. “ఇప్పటివాళ్ళకి గొణగడమే నటన.”

“ఎద్దే నయం. నోరు మూసుకుని నటిస్తోంది.”

నవ్వారు. చీకట్లో నేనూ నవ్వాను. ఆ నవ్వు చప్పుడు నాకే వినపడింది. దూడ చచ్చిన ఇంటి ముందు నవ్వినట్టుంది. అయినా నవ్వాను. రేకుల మీద మూడు రోజుల ఎండకి అది కూలి అనుకున్నాను.

ఆ తర్వాత సంత వచ్చింది.

నా గదిలో ఒక చిన్న స్పీకరు ఉంటుంది. దానికీ గాలి గొట్టానికీ సంబంధం లేదు. దాంట్లో అంతా వినపడుతుంది. కొన్నవాడు పలుపు అందుకున్నాడు. నాన్న వేషం వేసినాయన ఎద్దు దగ్గరికి నడిచాడు. మా నాన్న పోలిక లేదు. పొట్టి మనిషి, నాన్న పొడుగు. కానీ నడిచి వెళ్ళి, ముందు ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుపోయిన చోట చెయ్యి వేశాడు. అది నేను బస్సులో చెప్పలేదు. నేనే మరిచిపోయాను. మా నాన్న అక్కడే చెయ్యి వేశాడు.

వంగి, చెవిలో అన్నాడు. “వాడు నిన్ను ఎడమ పక్కన కడతాడు. అలవాటు లేదని మొండికెయ్యకు. కొడతాడు.”

అంతే. లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

నా పదకొండు పేజీల్లో నాన్న ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చాడు. రెండు పేజీలు ఏడ్చాడు. నిజానికి ఆయన ఏడవలేదు. కథ కదా, ఏడవకపోతే ఎవరు చదువుతారని నేనే ఏడిపించాను. ఇతను ఏడిపించలేదు. నా కళ్ళ ముందు జరిగిందాన్ని నేను చెడగొట్టాను, ఎన్నడూ చూడనివాడు ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెట్టాడు. ఇంతకాలం అతని నవ్వు చూసీ, అత్తగారి మురిపెం చూసీ కుళ్ళుకున్నాను. అదంతా కూరలో కరివేపాకు. అసలు కుళ్ళు ఇప్పుడు పుట్టింది. నా చేతికి రానిది అతని చేతికి వచ్చింది. నాన్న కూడా అటే వెళ్ళిపోయాడనిపించింది.

ముందు వరసలో అత్తగారు ముక్కు చీదడం వినపడింది. మరదలి భుజం మీద మా ఆవిడ తల వాల్చింది.

వెనక వరసలో మండలి అధ్యక్షురాలు, ఒకప్పుడు నాటకాల్లో వేసిన పెద్దావిడ, పక్కకి వంగి, “ఎద్దు చెవిలో ఏమన్నాడు?” అంది.

“ఎద్దుకే తెలియాలి” అన్నాడు సమీక్షల ఆయన.

నా చెయ్యి మీట మీదే ఉంది. రెండు గీతలు తిప్పితే చాలు. చీటీలో ఏడు ఉందిగా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఆ చీటీని పాటించాను.

బొమ్మ అయ్యాక మావాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కిందికి వెళ్ళారు. మా తోడల్లుడు కిటికీలోంచి నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. పుస్తకం తీసి, తేదీ, పేరు, వేళలు రాసి, లోపం గడిలో అడ్డగీత గీశాను.

ఒంటిగంటకి గుమస్తా పైకొచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది.

“పోయింది గురూ. చూడ్డానికి బాగుంది గానీ ఒక్క మాట అర్థం కాలేదన్నారు. ఐదుగురూ అదే మాట. పెద్దావిడ కొంచెం ఆలోచించింది గానీ నలుగురూ వద్దన్నాక ఏం చేస్తుంది. మూడింటికి సంతకాలు. కింద వాళ్ళకి నేను చెప్పలేను, నువ్వు చెప్పుకో. మీవాళ్ళు కదా.”

మీవాళ్ళు కదా అన్నది రాయిలా తగిలింది. నాకు సంతోషం రావాలి. దానికోసమేగా ఇదంతా. ఎదురు చూశాను. రాలేదు.

అప్పుడు మా ఆవిడ పైకొచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

“ఏమన్నారు?”

“కాదన్నారు.”

“ఎందుకు?”

“మాట వినపడలేదంట.”

బల్ల మీద చీటీ ఉంది. దగ్గరికొచ్చి దాన్ని చూసింది. అంకె చూసింది. మా ఇంట్లో రాత్రి అన్నం దగ్గర పాతికేళ్ళుగా వింటోంది, ఇవాళ ఎవరికి తొమ్మిది చెప్పానో.

“మరిదిగారికి చెప్పలేదా?”

నేను పుస్తకం అంచు సరిచేశాను.

“అడగలేదా ఆయన?”

“అడిగాడు.”

“మీరేమన్నారు?”

“లెక్క ఏడు అన్నాను.”

తిడుతుందనుకున్నాను. తిడితే నాకూ ఒకటి రెండు మాటలు ఉన్నాయి. రేకుల సంగతి, ముద్ర సంగతి. తను చీటీని ఎక్కడ ఉన్నదక్కడే పెట్టింది.

“మీరు మాట్లాడకపోతే మంచితనమనుకున్నాను ఇన్నేళ్ళూ” అంది. మెల్లగానే అంది. నా గదిలో గాలి గొట్టం లేదు. “కింద అమ్మ కారియరు విప్పకుండా కూర్చుంది. మీ ఇద్దరినీ చెరో వైపు కూర్చోబెట్టి వడ్డిస్తుందట.”

వెళ్ళిపోయింది. మెట్ల మీద తన చెప్పుల చప్పుడు చివరి మెట్టు దాకా విన్నాను.

గడియారం ఒకటీ నలభై. పుస్తకం మళ్ళీ తెరిచాను. లోపం గడిలో నేను గీసిన అడ్డగీత ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన రాశాను. ‘మాట వెనక వరసకి అందలేదు. తొమ్మిది వెయ్యమని అందరికీ చెబుతాను. ఇతనికి చెప్పలేదు. తప్పు నాది.’ ఏడో తరగతి పిల్లాడి చేతిరాతలా వంకరగానే వచ్చింది.

పుస్తకం పట్టుకెళ్ళి గుమస్తా ముందు పెట్టాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“ఇది లోపం కాదయ్యా. చెప్పాలని రూలెక్కడుంది?”

“లేదు.”

“మిషన్ ఆగిందా? బొమ్మ తెగిందా? చీటీలో ఉన్నది ఉన్నట్టు పెట్టావా లేదా?”

“పెట్టాను.”

“మరి తప్పేంటి? రూలు ప్రకారం నీ అంత సరిగ్గా చేసినవాడే లేడు ఇవాళ.” గొంతు తగ్గించాడు. “నాలుగు నెలలాగితే మచ్చలేని కాగితం చేతికొస్తుంది. ఉన్న ఊళ్ళో లేని గొడవ ఎందుకు తెచ్చుకుంటావు?”

“ఆపరేటరు లోపం రాస్తే మళ్ళీ చూడాలా, వద్దా?”

“చూడాలి. అది రూలే.”

“అయితే రాశాను.”

గుమస్తా పుస్తకాన్ని నా వంక చూస్తూనే మూసి, అధ్యక్షురాలి గదిలోకి తీసుకెళ్ళాడు. కాసేపటికి ఆవిడే బయటికొచ్చింది. చేతికర్ర ఊతంతో నాతో పైకి నడిచింది. చివరి వరసలో తన కుర్చీలోనే కూర్చుని, “ఆ ఎద్దు చోటు వెయ్యి. ముందు ఏడు, తర్వాత తొమ్మిది” అంది.

వేశాను. ఏడు మీద ఆవిడ కదల్లేదు. తొమ్మిది మీద నాన్న మాట గదంతా మెల్లగా నడిచి చివరి వరస దాకా వచ్చింది. ఆవిడ తల వంచుకుంది.

“ఇన్నేళ్ళూ మేం వింటున్నది నీ తొమ్మిదేనా?”

“అవునండి.”

“ఎప్పుడూ చెప్పలేదే.”

“మీరు అడగలేదండి.”

“ఇతను అడిగాడా?”

“అడిగాడండి.”

“మరి?”

“మా తోడల్లుడండి” అన్నాను.

ఆవిడ మొహం తిప్పి నన్ను చూసింది. తిడుతున్న చూపు కాదు, జాలి చూపూ కాదు. “నాకో చెల్లెలుండేది” అంది. “నాటకాల్లో నాకంటే బాగా వేసేది. ఒకసారి తను రంగం మీదకి వెళ్ళబోతుంటే వీపున ముడి ఊడి ఉంది. చూశాను. చెప్పలేదు.” లేచి, కర్ర వెతుక్కుంది. “సోమవారం మళ్ళీ చూస్తాం. నలుగురికీ నచ్చుతుందని నేను మాట ఇవ్వలేను. మళ్ళీ వెయ్యాలంటే దరఖాస్తుదారు సంతకం కావాలి. కారణం చదివి పెట్టాలి. ఆ కాగితం నువ్వే తీసుకెళ్ళు.”

ఆ మెట్లు నేను ఇరవై ఆరేళ్ళుగా దిగుతున్నాను. పంతొమ్మిది ఉంటాయి. ఆ రోజు ఎక్కువయ్యాయి.

కింద సిబ్బంది భోజనాల గదిలో పొడుగు బల్ల దగ్గర కూర్చున్నారు నలుగురూ. కారియర్లు మూతలతోనే ఉన్నాయి. నన్ను చూసి మా తోడల్లుడు లేచి నిలబడ్డాడు. చొక్కా చీటీ ఎవరో తీసేసినట్టున్నారు.

“ఏమైందన్నయ్యా?”

కాగితం అతని ముందు పెట్టాను. కారణం అన్నచోట నా రాత ఉంది. అతను చదివాడు. ఒక వాక్యం చదివి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అతని మొహంలోంచి రంగు కాలవలో నీళ్ళలా కిందికి దిగిపోవడం చూశాను.

“అంటే… కాదన్నారా?”

“ఊఁ.”

“మళ్ళీ చూస్తారా?”

“సోమవారం.”

“నచ్చుతుందంటావా?”

“తెలీదు.”

“ఏంటర్రా, ఏమైంది? నాకు చెప్పండి ఎవరైనా” అంది అత్తగారు. మరదలు కాగితం లాక్కుని చదివింది. చదివి నా వైపు చూడకుండా తల్లి చెవిలో చెప్పింది. అత్తగారి చెయ్యి కారియరు పిడి మీద ఆగిపోయింది.

మా తోడల్లుడు కలం అడిగాడు. నా జేబులోది ఇచ్చాను. సంతకం పెట్టాడు. పొద్దున చీటీ మీద పెట్టినంత గట్టిగానే పెట్టాడు. కలం తిరిగిస్తూ ఎన్నో అంటాడనుకున్నాను. మాటలమనిషి కదా.

“బస్సులో ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు,” అన్నాడు, “ఇంత గొప్ప సంగతి నాకెందుకు దొరకలేదా అని కుళ్ళుకున్నాను అన్నయ్యా. అందుకే అంతసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.” కలం నా చేతిలో పెట్టి, “అయినా నిన్ను అడిగే తీసుకున్నాను చూడు” అన్నాడు.

కూర్చున్నాడు.

నేను కాగితం గుమస్తాకి ఇచ్చి తిరిగొచ్చేసరికి మూడూ పది. వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. పళ్ళేలు పరిచి ఉన్నాయి. ఐదు. మా ఆవిడ పక్కన ఒకటి ఖాళీగా ఉంది.

అత్తగారు మూతలు తీసింది. పొద్దుటి వంట చల్లారిపోయింది. ఎప్పుడూ ముందు చిన్నల్లుడికి వడ్డిస్తుంది, తర్వాత నాకు. ఆ రోజు గరిటె చేతిలో పట్టుకుని ఎవరికి వెయ్యాలో తెలియనట్టు నిలబడింది. చివరికి ముందు తన కూతుళ్ళిద్దరికీ వేసింది. తర్వాత అతనికి. తర్వాత నాకు. అందరికీ ఒకే కొలతగా వేసింది. గరిటె అంచుతో అన్నం సరిచేసి మరీ వేసింది.

కిటికీలోంచి ఆకాశం కనపడుతోంది. వాన కురవలేదు, ఎండా రాలేదు. పంకా తిరుగుతోంది. పళ్ళేలకి వేళ్ళు తగిలే చప్పుడు, నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడు, అత్తగారు ఒకసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అన్నీ వినపడ్డాయి.

కూరలో నాకు ఉప్పు చాలలేదు. ఉప్పు డబ్బా మా తోడల్లుడి మోచేతి దగ్గర ఉంది. కావాలంటే నోరు తెరిచి అడగాలి.

అలాగే తిన్నాను.